ఊడ్పులకు వెళ్లే మోకాలు: కోనసీమ నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని రోగి కోనసీమలో ఒక పల్లెలో ఉండే 53 ఏళ్ల వ్యవసాయ కూలీ. పెళ్లికి ముందు నుంచే ఊడ్పులకు (వరి నాట్లకు), కలుపులకు, కోతలకు వెళ్తున్నారు. చేలో పని లేని రోజుల్లో కొబ్బరి తోటల్లో కాయలు పోగు చేసే పనికి పోతారు. కుడి మోకాలు రెండేళ్లుగా, ఎడమ మోకాలు ఏడాదిగా నొప్పి పెడుతున్నాయని, ఆర్థోపెడిక్ వైద్యుడు ఫిజియోథెరపీకి రాసిచ్చిన చీటీ పట్టుకుని ఏప్రిల్ నడుమ మా క్లినిక్కుకు వచ్చారు. ఆమె పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. మిగిలిన వివరాలు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు.

మోకాలి అరుగుదల అరుదైన జబ్బేమీ కాదు. డెల్టాలో ఏ వీధి అరుగు మీద చూసినా తొడ మీద చెయ్యి ఆనించి లేచే పెద్దమ్మ ఒకరైనా కనిపిస్తారు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం వేరే ఉంది. ఇక్కడి కూలీ మహిళకు మోకాలి వైద్యం పంటల కాలాన్ని బట్టి సాగకపోతే నిలవదని నా అభిప్రాయం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసిన దగ్గర నుంచి జూన్‌లో నీళ్లు వదిలి, ఆకుమళ్లు (నారుమళ్లు) పోసి, ఊడ్పులు మొదలయ్యే వరకు దొరికే వ్యవధిలో తొడ కండను పెంచుకోవాలి. ఊడ్పుల రోజుల్లో కొత్తగా ఏదీ మొదలుపెట్టకుండా, పెంచుకున్నదాన్ని నిలుపుకోవాలి. ఈమె విషయంలో ఏడాది పొడవునా చేసింది అదే.

వచ్చినప్పటి పరిస్థితి

పొద్దున లేవగానే కాళ్లు బిగుసుకుపోయినట్టు ఉంటాయని, పావుగంట అటూ ఇటూ తిరిగితే వదులుతాయని చెప్పారు. చాలాసేపు కూర్చుని లేచినప్పుడు మొదటి నాలుగైదు అడుగులు కష్టం. మెట్లు ఎక్కడం కంటే దిగడం మరీ కష్టం. గొంతుకూర్చుని లేవలేకపోతున్నారు. కలుపు తీసి వచ్చిన రోజు సాయంత్రానికి కుడి మోకాలు వాచి, మర్నాటికి కొంత తగ్గుతుంది. రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ రావడం, జ్వరం, మోకాలు ఎర్రబడి వేడెక్కడం, నడుస్తూండగా కీలు ఉన్నట్టుండి బిగిసిపోవడం వంటివి లేవు. వీటిలో ఏది ఉన్నా ముందు దారి వ్యాయామం కాదు, తిరిగి వైద్యుడి దగ్గరకే. బిగుసుకుపోవడం అరగంట దాటి చాలాసేపు ఉండి, చేతి వేళ్ల కణుపులు కూడా వాస్తూ ఉంటే కీళ్లవాతం కోసం రక్త పరీక్షలు చేయించాలి. ఆమెకు 2006లో చికున్‌గున్యా వచ్చి కొన్ని నెలలపాటు ఒంటి కీళ్లన్నీ నొప్పి పెట్టాయి కాబట్టి ఆ ప్రశ్నను ఇంకాస్త జాగ్రత్తగా అడగవలసి వచ్చింది. వేళ్లు, మణికట్లు బాగానే ఉన్నాయి.

అంతవరకు జరిగిన వైద్యం మన పల్లెల్లో మామూలుగా జరిగేదే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలను నెలల తరబడి దాదాపు రోజూ వేసుకున్నారు. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన మోకాలిలో కొన్ని ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్రతిసారీ కొన్ని వారాలు హాయిగా ఉండి, మళ్లీ మొదటికే వచ్చింది. ఆ ఇంజెక్షన్ ఏమిటో ఆమెకు తెలియదు, చీటీ కూడా లేదు. స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు అర్హత ఉన్న వైద్యుడు శుభ్రమైన పద్ధతిలో ఒకసారి స్టెరాయిడ్ ఇవ్వడంలో తప్పు లేదు. పదేపదే ఇవ్వడం మాత్రం వేరే సంగతి: 2017లో వెలువడిన ఒక పరిశోధనలో మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ తీసుకున్నవారికి ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవారి కంటే నొప్పి ఏమీ ఎక్కువగా తగ్గలేదు సరికదా, మృదులాస్థి (కీలులో ఎముకల చివర ఉండే నున్నటి పొర, వాడుకలో గుజ్జు) మరికాస్త ఎక్కువగా పలుచబడింది. రక్తపోటుకు బిళ్ల వాడుతున్న మనిషికి నొప్పి బిళ్లలు రోజూ పడటం ఇంకో ప్రమాదం. అవి రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండాల మీద, కడుపు మీద భారం వేస్తాయి. ఆమెకు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించమని వైద్యుడిని కోరాను. అదృష్టవశాత్తూ అది సాధారణ పరిధిలోనే వచ్చింది.

ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 30 దాటింది. నిలబడినప్పుడు కాళ్లు కొద్దిగా దొడ్డికాళ్లుగా కనిపించాయి, కుడివైపు మరికాస్త. కుడి మోకాలు పూర్తిగా చాపితే ఇంకా 5 డిగ్రీల వంపు మిగిలి ఉంది. మడిస్తే 115 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. ఎడమది పూర్తిగా చాపుకుని 125 వరకు మడిచింది. లోపలివైపు కీలు సందులో నొక్కితే నొప్పి, కదిపితే కరకర, కొద్దిగా నీరు ఉన్నాయి. ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు గట్టిగా ఉన్నాయి. మోకాలి చిప్పకు 10 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత కుడివైపు 42, ఎడమవైపు 43.5 సెంటీమీటర్లు. కుడి కాలి మీద ఒంటికాలితో నిలబడమంటే నడుము ఎడమవైపుకు జారింది. పిరుదు పక్క కండరం కూడా బలహీనపడిందన్నమాట. తుంటిని తిప్పి చూశాను, అక్కడ ఇబ్బంది లేదు. ఈ ఒక్క పరీక్షను వదిలేయడం వల్ల తుంటి జబ్బుకు మోకాలి వైద్యం పొందుతూ ఉండిపోయేవారు ఉంటారు కనుక దీన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను.

నేను అన్నింటికంటే ఎక్కువ విలువ ఇచ్చే పరీక్షకు ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. చేతులు గుండెకు కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. ఆమె 7 సార్లు లేచారు. అరవై నుంచి అరవై నాలుగేళ్ల స్త్రీలకే 12 కంటే తక్కువ వస్తే సగటు కంటే తక్కువగా లెక్కిస్తారు. రోజంతా చేలో వంగి పని చేసే మనిషికి కాళ్లలో బలం లేకపోవడమేమిటని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయారు. ఊడ్పుల్లో నడుము పని చేస్తుంది, చెయ్యి పని చేస్తుంది. తొడ ముందుండే క్వాడ్రిసెప్స్ కండరానికి బలం పెరిగేంత పని ఆ భంగిమలో పడదు. పైగా నొప్పి ఉన్న మోకాలిలో నీరు చేరితే ఆ కండరం సరిగ్గా బిగుసుకోదు, వాడకపోతే సన్నబడుతుంది, సన్నబడితే అది మోయవలసిన బరువు కూడా కీలు మీదే పడుతుంది.

ఆమె దగ్గర ఉన్న ఎక్స్‌రే పడుకోబెట్టి తీసినది. పడుకున్నప్పుడు కీలు మీద బరువు ఉండదు కాబట్టి సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. నిలబెట్టి తీయించిన ఎక్స్‌రేలో అరుగుదలను సున్నా నుంచి నాలుగు దశల వరకు లెక్కించే కెల్‌గ్రెన్-లారెన్స్ కొలత ప్రకారం కుడి మోకాలిది మూడో దశ, ఎడమది రెండో దశ. గుజ్జు మొత్తం అరిగిపోయింది, కీళ్లు మార్చాల్సిందేనని ఎవరో చెప్పినందుకు ఆమె చాలా భయపడి ఉన్నారు. మూడో దశలో సందు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. అదీకాక ఎక్స్‌రేలో కనిపించే దశకూ మనిషి పడే బాధకూ లెక్క ఎప్పుడూ సరిగ్గా కుదరదు. నాలుగో దశ మోకాళ్లతో గుడికి నడిచి వెళ్లేవారు, రెండో దశతోనే మంచం దిగలేనివారు ఇద్దరూ మా దగ్గరకు వస్తారు.

కాలువలు కట్టేసిన కాలం

"అరిగిపోయిన కీలును ఇంకా ఆడిస్తే మరింత అరగదాండీ?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. దీనికి సమాధానం ఇవ్వకుండా వ్యాయామాలు నేర్పితే ఇంటికి వెళ్లి ఎవరూ చేయరు. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం ఒత్తిడి పడినప్పుడు బయటికి, ఒత్తిడి తీసినప్పుడు లోపలికి కదులుతూ దానికి పోషణ అందిస్తుంది. బోరింగు పిడి కొడితేనే నీళ్లు పడినట్టు, కాలు ఆడితేనే కీలుకు తిండి అందుతుందని చెప్పాను. కొలతకు మించిన బరువు చెరుపు చేస్తుంది, తగిన బరువు మేలు చేస్తుంది. ఆ కొలత తెలుసుకోవడానికి ఒక నియమం పెట్టుకున్నాం. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదిలో నాలుగైదు దాటకూడదు. పెరిగిన నొప్పి మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే ముందు రోజు చేసింది ఎక్కువైందన్నమాట.

మొదటి మూడు వారాలు పడుకుని చేసే వ్యాయామాలే. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి తొడ బిగించి దాన్ని కిందికి నొక్కడం, కాలు నిటారుగా ఎత్తి నిలపడం, పక్కకు ఒత్తిగిలి పైకాలును ఎత్తడం, మడమను పిరుదుల వైపు జరుపుతూ మోకాలు మడవడం. ఆమె ఇంట్లో ఉన్నది నులక మంచం. నులక కుంగిపోతే తువ్వాలు కూడా కుంగుతుంది, తొడ కండరానికి నొక్కడానికి ఆసరా దొరకదు. నేల మీద పడుకుంటే లేవలేరు. అందుకని వసారాలో ఉన్న చెక్కబల్ల మీద దుప్పటి పరిపించాం. పొద్దున ఒకసారి, రాత్రి టీవీలో సీరియల్ వచ్చే వేళ ఒకసారి చేసేలా కుదుర్చుకున్నాం. తేలికగా చేయగలిగిన తర్వాత పాత చీర ముక్కలో కిలో ఇసుక పోసి కుట్టిన మూటను చీలమండకు కట్టించాను.

తర్వాతి దశ అంతా నిలబడి చేసేదే. అసలు వైద్యం ఇక్కడే ఉందని నా నమ్మకం. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచి, చేతుల సాయం లేకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. కూర్చునేటప్పుడు ధబాలున పడిపోకూడదు. కొన్ని రోజులకు దిండు తీసేశాం. కిటికీ ఊచలు పట్టుకుని మోకాళ్లను కొద్దిగా మాత్రమే వంచుతూ కిందికి దిగి లేవడం. అరుగు అట్టడుగు మెట్టు మీదికి కుడి కాలితో ఎక్కడం, అదే కాలి మీద బరువు నిలుపుకుంటూ ఎడమ కాలిని కిందికి దించడం. ఈ చివరిది చేసేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా కాలి రెండో వేలికి సూటిగా ఉండాలి. దాన్ని చూసుకోవడానికి కోడలు ఎదురుగా నిలబడేవారు.

అరుగు మెట్ల గురించి కాస్త చెప్పాలి. వరద వచ్చినా, వానకు మురుగు నిలిచినా నీళ్లు ఇంట్లోకి రాకూడదని మన లంకల్లో, పల్లపు ఊళ్లలో పునాదులు ఎత్తుగా లేపుతారు. మెట్లు మాత్రం స్థలం కలిసి వస్తుందని తక్కువ సంఖ్యలో, ఒక్కొక్కటి ఎక్కువ ఎత్తులో, పట్టుకోవడానికి ఆసరా లేకుండా కడతారు. మోకాలి లోపల కొలత పరికరం అమర్చిన కృత్రిమ కీళ్లతో చేసిన పరిశోధనల్లో చదునైన నేల మీద నడిచేటప్పుడు కీలు మీద శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లు దిగేటప్పుడు సుమారు మూడున్నర రెట్లు భారం పడుతుందని తేలింది. ఈమె కొడుకు మెట్ల పక్కన ఇనుప పైపు ఒకటి పాతించి, రెండు ఎత్తు మెట్ల మధ్య ఇటుకలతో ఇంకో మెట్టు కట్టించారు. మరుగుదొడ్డిలో మధ్యన రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ పెట్టించారు. కత్తిపీట నేల మీద నుంచి బల్ల మీదికి మారింది. ఈ మార్పులకు అయిన ఖర్చు ఆమె అంతకుముందు ఇంజెక్షన్లకు పెట్టినదానికంటే తక్కువే.

బరువు విషయంలో పెద్ద పెద్ద నియమాలు పెట్టలేదు. మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో రాత్రి అన్నాన్ని సగం చేసి, ఆ లోటును పప్పు, ఆకుకూర, గుడ్డు, చవగ్గా దొరికే చిన్న చేపలతో నింపమన్నాను. టీలో పంచదార మానిపించాను. పస్తులు ఉండవద్దని గట్టిగా చెప్పాను, ఎందుకంటే పస్తులతో తగ్గే బరువులో మనం పెంచాలని చూస్తున్న కండ కూడా ఉంటుంది. ఒక కిలో బరువు తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం చూపించింది. ఆమెకు అన్నిటికంటే బాగా పట్టిన లెక్క ఇదే.

మందుల సంగతి ఆర్థోపెడిక్ వైద్యుడే చూశారు. రోజువారీ నొప్పి బిళ్లలు ఆపి, మోకాలి మీద రాసే డైక్లోఫెనాక్ జెల్ ఇచ్చారు. నొప్పి బాగా ఎక్కువైన రోజున మాత్రమే బిళ్ల వేసుకోమన్నారు. కాల్షియం బిళ్లలతో గుజ్జు తిరిగి పెరుగుతుందని ఆమెకు ఎవరో చెప్పారు, అది నిజం కాదు. గొట్టం పెట్టి కీలును కడిగిస్తే బాగుంటుందని ఇంకొకరు సలహా ఇచ్చారు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద జరిగిన పరిశోధనలో కీలును కడిగినవారికీ, చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేసినవారికీ నొప్పిలో తేడా కనిపించలేదు. అరుగుదలకు ఆ ఆపరేషన్ చేయించవద్దని చెప్పడానికి నాకు ఆ ఒక్కటి చాలు.

మే నెల చివర బంధువుల ఇంట్లో ఓణీల ఫంక్షన్‌కు వెళ్లి, రెండు రోజులపాటు నేల మీద కూర్చుని కూరగాయలు తరిగి వచ్చారు. కుడి మోకాలు బాగా వాచింది. ఇలాంటప్పుడు చాలామంది వ్యాయామం పడలేదనుకుని మానేస్తారు. మేం మెట్టు ఎక్కడం, కుర్చీలోంచి లేవడం కొన్ని రోజులు ఆపి, తొడ బిగించే వ్యాయామాన్ని మాత్రం ఆపకుండా, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టిస్తూ గడిపాం. వారం దాటేసరికి వాపు తీసి, ఆపిన దగ్గర నుంచే మళ్లీ మొదలుపెట్టాం.

జూలైలో, పన్నెండు వారాలు గడిచేసరికి, కుర్చీ పరీక్షలో 12 సార్లు లేచారు. మెట్లు దిగేటప్పటి నొప్పి పదిలో 7 నుంచి 3కి దిగింది. కుడి మోకాలు పూర్తిగా చాపుకుంటోంది. బరువు 67.5 కిలోలు. అప్పటికి సార్వా (వానాకాలపు వరి పంట) ఊడ్పులు వచ్చేశాయి.

చేలో

పని మానెయ్యమని నేను చెప్పలేదు. చెప్పినా ఆమె వినే పరిస్థితి లేదు; ఆ రోజుల కూలే ఇంటికి ఆధారం. ఎకరానికి ఇంత అని గుత్తకు తీసుకునే ముఠాలో ఒకరు వెనకబడితే అందరి కూలీకీ దెబ్బ. ఊడ్పుల పనిలో మోకాలు ఎక్కడ నలుగుతోందో చూడాలని ఒక పొద్దున గట్టు మీద నిలబడి గమనించాను. పిక్క సగం వరకు బురద. ఎడమ చేతిలో ఆకు కట్ట, ఆ మోచేయి ఎడమ తొడ మీద ఆనించి ఉంది. కుడి చెయ్యి నాటుతోంది. వెనక్కి జరిగేటప్పుడు ముందుగా కదిలేది కుడి కాలు. బురదలో దిగబడిన పాదం అక్కడే ఉండగానే నడుము ఎడమకు తిరుగుతోంది, ఆ మెలి అంతా మోకాలి లోపలివైపు పడుతోంది. ముందు మడమ లేపితే పాదం కింద నీరు చొరబడి బురద పట్టు వదులుతుంది. ఆ తర్వాత కాలును నిటారుగా పైకి లాగి, వేళ్లు ఎటు తిరిగితే ఒళ్లు అటు తిరిగేలా జరగాలి. దీన్ని అక్కడే బురదలో పదిసార్లు చేయించాను. పక్కన ఉన్న ఆడవాళ్లు నవ్వుతూనే తామూ చేసి చూశారు.

ఇంకో రెండు ఏర్పాట్లు చేసుకున్నాం. మొదటిది, గొంతుకూర్చుని చేసే ఆకు తీతకు (నారు పీకడానికి) వెళ్లకుండా నాట్లకు మాత్రమే వెళ్లడం. ముఠా మేస్త్రితో ఆమె తనే మాట్లాడుకున్నారు. రెండోది, గట్టు దగ్గరకు చేరిన ప్రతిసారీ నిటారుగా నిలబడి రెండు తొడలనూ బిగించి వదలడం. ఆ రోజుల్లో ఇంటి దగ్గర వ్యాయామాన్ని రోజు విడిచి రోజు ఒక్క పూటకు, అది కూడా కుర్చీలోంచి లేవడం, కాలు ఎత్తడం వరకే కుదించాం. అలిసిపోయి వచ్చిన కాలికి ఇంకా బరువు వేయడం వల్ల లాభం లేదు.

సార్వా ముగిసేసరికి నొప్పి మళ్లీ 4కి పెరిగింది, కుర్చీ పరీక్ష 11కి దిగింది. దీన్ని నేను ఓటమిగా చూడను. ముందటేడు ఇదే సమయానికి ఆమె కర్ర పట్టుకుని నడిచేవారట. దాళ్వా (రెండో వరి పంట) ఊడ్పుల వరకు దొరికిన వ్యవధిలో ఇసుక మూటను రెండు కిలోలకు పెంచి, పంట కాలువ గట్టు మీద నడకను కలిపాం. మరుసటి ఏప్రిల్ నాటికి కుర్చీ పరీక్ష 14, బరువు 65 కిలోలు, కుడి తొడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు. రోజూ వేసుకునే నొప్పి బిళ్ల నెలలో ఎప్పుడో ఒకటి రెండుసార్లకు తగ్గింది. ఎక్స్‌రే మళ్లీ తీయించలేదు. అందులో మార్పు కనిపించదు, కనిపించకపోతే ఆమె అనవసరంగా దిగులు పడతారు. దొడ్డికాలు అలాగే ఉంది. గొంతుకూర్చోవడం ఇప్పటికీ కష్టమే, కమోడ్ కుర్చీ ఉండవలసిందే.

కోడలి సంగతి

అత్తగారి ఎదురుగా నిలబడి మోకాలి తీరు చూసిన కోడలికి 28 ఏళ్లు, ఆమె కూడా ఊడ్పులకు వెళ్తారు. నొప్పి ఏమీ లేదు. రెండో కాన్పు తర్వాత బరువు పెరిగారు, కుర్చీ పరీక్షలో 13 సార్లు మాత్రమే లేచారు. ఆ వయసుకు అది చాలా తక్కువ. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో జరిగిన దీర్ఘకాల అధ్యయనంలో పదేళ్ల వ్యవధిలో సుమారు 5 కిలోలు తగ్గిన స్త్రీలకు మోకాలి అరుగుదల బాధలు వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గిందని 1992లో ప్రకటించారు. నివారణకు అందుబాటులో ఉన్న లెక్కల్లో ఇంత స్పష్టమైనది నాకు ఇంకొకటి కనిపించదు. కాలువలు కట్టేసిన వేసవిలో ఆమె కూడా అత్తగారితో కలిసి కుర్చీలోంచి లేవడం, మెట్టు దిగడం చేస్తున్నారు. వెదజల్లే సాగు, నాటు యంత్రాలు వచ్చి ఊడ్పులు కొంత తగ్గినా కలుపు పనిలో గొంతుకూర్చోవడం పోలేదు కాబట్టి, ముఠాలో ఈ వయసు వాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. మోకాలికి ఒకసారి గట్టి దెబ్బ తగిలినవారికి మరీ మరీ చెబుతున్నాను, ఎందుకంటే వారికి అరుగుదల త్వరగా వస్తుంది.

అత్తగారికి కీలు మార్పిడి ఎప్పటికీ అవసరం రాదని నేను హామీ ఇవ్వలేదు. రాత్రి నొప్పితో నిద్ర పట్టకపోవడం, వీధి చివరి వరకు నడవలేకపోవడం, మోకాలు చాపడానికి రాకుండా వంగి ఉండిపోవడం మొదలై, కనీసం మూడు నెలలు సరిగ్గా వ్యాయామం చేసినా తగ్గకపోతే సర్జన్ దగ్గరకు తిరిగి పంపుతానని మొదటి నెలలోనే చెప్పాను. అప్పుడు ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చినా, తొడ బలంగా ఉన్న కాలు తర్వాత త్వరగా నడకలో పడుతుంది. ప్రస్తుతం ఆమెను ఏడాదికి రెండుసార్లు, సార్వాకు ముందు ఒకసారి, దాళ్వాకు ముందు ఒకసారి చూస్తున్నాను. కుర్చీ పరీక్ష 10 కంటే తగ్గితే ఆ పంటకు ఊడ్పులు మానుకోవాలని ఆమె, నేను, కొడుకు ముగ్గురం అనుకున్న షరతు.